వెబ్‌సైట్, యాప్, టచ్‌స్క్రీన్: పని చిన్న డిజైన్ స్టూడియోకి ఇవ్వాలా, ఇంకెవరికైనా ఇవ్వాలా?

మూడు కొటేషన్లు వచ్చాయనుకోండి. ఒకటి అరవై వేలు, ఇంకోటి ఆరు లక్షలు, మూడోది ఇరవై లక్షల పైన. మూడింట్లోనూ పని పేరు ఒకటే: వెబ్‌సైట్ డిజైన్, డెవలప్‌మెంట్. తక్కువ వేసినవాళ్లు నాసిగా చేస్తారేమో, ఎక్కువ వేసినవాళ్లు దోచుకుంటున్నారేమో అని టెన్షన్ పడేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. చాలాసార్లు ఆ రెండూ కాదు. ఆ ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు ధర చెప్పారు. కావాల్సింది ఏ పనో అడిగినవాళ్లే ఇంకా తేల్చుకోలేదు.

మన ముందున్న దారులు నాలుగు: రెడీమేడ్ టెంప్లేట్, ఫ్రీలాన్సర్, చిన్న స్టూడియో, పెద్ద ఏజెన్సీ. సొంతంగా మనుషుల్ని పెట్టుకోవడం అయిదోది. ఏడాది పొడవునా చేతినిండా పని ఉన్నవాళ్లకే అది గిట్టుతుంది కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నాను.

వీటిలో ఎక్కువమందికి అంతుపట్టనిది చిన్న స్టూడియో. హైదరాబాద్‌లో స్టూడియో అంటే పెళ్లి ఫొటోలో, సినిమా వీఎఫ్ఎక్సో అనుకుంటారు. నేను చెప్పేది అయిదారుగురి నుంచి ఓ పన్నెండు మంది దాకా ఉండి, బొమ్మ గీసేవాళ్లూ కోడ్ రాసేవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటు గురించి. కొన్నిచోట్ల ఆ రెండు పనులూ ఒకే మనిషి చేస్తారు. ఆర్టిస్టులు సులువుగా కోడ్ రాయడానికి 2001లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రియాస్, బెన్ ఫ్రై ‘ప్రాసెసింగ్’ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. ఇలాంటి మనుషులు చాలామంది దానితోనే సాధన చేశారు. బెన్ ఫ్రై తర్వాత బోస్టన్‌లో ఫాథమ్ అనే సొంత స్టూడియో పెట్టారు.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే మొదటి ప్రశ్న: మీ పనిలో బొమ్మనూ కోడ్‌నూ విడదీయగలమా?

పెడన అద్దకంలో ముందు బట్ట తయారుగా ఉంటుంది, దాని మీద అచ్చు వేస్తారు. నేసినవాళ్లు ఒకరు, అద్దేవాళ్లు ఒకరు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకపోయినా పని చెడదు. పోచంపల్లి ఇక్కత్ అలా కాదు. నూలుకు ముడులు కట్టి, రంగు వేసి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. డిజైన్ నూలులోనే ఉంటుంది కాబట్టి, నేత ఎలా సాగుతుందో తెలియకుండా ముడి వేయలేరు. డిజిటల్ పనులూ ఈ రెండు రకాలే.

స్కూల్ వెబ్‌సైట్ అద్దకం రకం. ఫీజులు, టైమింగ్స్, అడ్మిషన్ ఫారం, నాలుగు ఫొటోలు. ఎవరో గీసిన పేజీని ఇంకెవరో కోడ్‌గా మార్చినా నష్టం లేదు. మ్యాప్‌లో మండలం మీద వేలు పెడితే పదేళ్ల వర్షపాతం కదులుతూ కనపడాలంటే అది ఇక్కత్ రకం. ఆ కదలికను కదలని బొమ్మలో గీసి చూపించలేరు. కోడ్ రాసి చూడాలి, బాగా లేకపోతే గీత మార్చాలి, మళ్లీ కోడ్ మార్చాలి.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టామెన్ డిజైన్ అనే చిన్న స్టూడియో 2012లో విడుదల చేసిన వాటర్‌కలర్ మ్యాప్. కాగితం మీద నిజంగా నీటిరంగులు వేసి, స్కాన్ చేసి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ప్రపంచ మ్యాప్ డేటా మీద ఆ రంగుల్ని ప్రోగ్రామ్‌తో పరిచారు. తడి రంగు అంచుల్లో ముదురుగా పేరుకునే తీరును, గీత కాస్త వంకరపోయే తీరును కూడా కోడ్‌తోనే తెప్పించారు. ప్రపంచంలో ఏ ఊరు చూసినా చేత్తో వేసిన బొమ్మలాగే ఉంటుంది. 2021లో న్యూయార్క్‌లోని కూపర్ హ్యూవిట్ డిజైన్ మ్యూజియం దీన్ని తన సేకరణలోకి తీసుకుంది. ఆర్టిస్టు ఒక ఆఫీసులో, ఇంజినీరు ఇంకో ఆఫీసులో ఉండి మెయిల్స్ పంపుకుంటే ఇలాంటిది పుట్టదు.

మీ పని అద్దకం రకమైతే చిన్న స్టూడియోకి డబ్బు పెట్టకండి. ఆ మాట నిజాయితీ ఉన్న స్టూడియోవాళ్లే మీకు చెబుతారు.

రెండో ప్రశ్న తెలుగు. తెలుగులో కంటెంట్ ఉండాల్సిన ప్రతి పనిలోనూ ఇది పెద్ద విషయమే, కానీ కొటేషన్ దశలో ఎవరూ ఎత్తరు. డిజైనర్ బటన్ గీసేటప్పుడు ఇంగ్లీషులో ‘షాప్’ అని పెట్టి గీస్తారు. ఎత్తు సరిపోతుంది, అందంగా ఉంటుంది. అందులో ‘వస్త్రాలు’ అని పెట్టగానే కింద ఒత్తులు తెగిపోతాయి, ఎందుకంటే ‘స్త్రా’లో తవత్తూ రవత్తూ రెండూ అక్షరం కిందికి దిగుతాయి. రెండు లైన్ల శీర్షిక అయితే పై లైన్ ఒత్తు కింది లైన్ గుడికి తగులుతుంది. దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు, లైన్ల మధ్య దూరం పెంచాలి, బటన్ ఎత్తు పెంచాలి. కానీ ఒకచోట పెంచితే పేజీ మొత్తం కొలతలు మారతాయి కాబట్టి మొదట్లోనే తెలుగు పెట్టి గీయాలి. ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’, ‘కర్తృత్వం’ లాంటి పదాలు పెట్టి చూపించమని అడగండి. వాళ్ల మొహం చూస్తేనే విషయం తెలిసిపోతుంది.

త్రీడీలోనో, గేమ్ ఇంజన్‌లోనో తెలుగు రావాలంటే కథ ఇంకా ముదురుతుంది. మామూలు వెబ్‌పేజీలో అయితే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లోపలున్న హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ అక్షరాన్నీ ఒత్తునూ గుణింతాన్నీ కూర్చిపెడుతుంది. త్రీడీ తెర మీద అక్షరాలు గీసే పరికరాల్లో చాలావాటికి ఆ కూర్పు రాదు, ‘స్త్రీ’ అని ఇస్తే ముక్కలు ముక్కలుగా చూపిస్తాయి. అక్షరాల్ని ఫొటోగా మార్చి అతికించేసేవాళ్లున్నారు. రేపు ఒక్క పదం మార్చాలన్నా మళ్లీ వాళ్ల దగ్గరికే పరిగెత్తాలి. ఫాంట్లకైతే ఇప్పుడు కొదవ లేదు. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. ముంబైలోని ఏక్ టైప్ చేసిన ‘అనేక్’ పది లిపుల్లో ఉంది, అందులో తెలుగూ ఒకటి. అక్షరం లావునూ వెడల్పునూ రేడియో నాబ్ తిప్పినట్టు మార్చుకోవచ్చు.

ఇంకో చిక్కు. మీ బ్రోషర్ చేసిన డీటీపీవాళ్ల దగ్గరున్న మేటర్ ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో ఉంటే అది యూనికోడ్ (ఫోన్లూ వెబ్‌సైట్లూ అర్థం చేసుకునే అక్షరాల పద్ధతి) కాదు. వెబ్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌తో మార్చాక కూడా ఒకరు కూర్చుని ప్రూఫ్ చూడాలి. ఆ పని ఎవరిదో కొటేషన్‌లో రాయించుకోండి.

మూడో ప్రశ్న: అప్పగించాక ఎవరు చూసుకుంటారు? వెబ్‌లో కదిలే బొమ్మలూ ఆటలూ చేయడానికి ఒకప్పుడు వాడిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌కు 2020 చివర్లో అడోబీ కంపెనీ సపోర్ట్ ఆపేసింది. అంతకుముందు ఎంతో కళ ఉన్న పనులు చాలావరకు ఫ్లాష్‌లో చేసినవే, అవి ఇప్పుడు మామూలు బ్రౌజర్‌లో తెరుచుకోవు. స్టామెన్ మ్యాపులకూ ఈ చిక్కు వచ్చింది. ఏళ్ల తరబడి ఎవరైనా ఉచితంగా వాడుకునేలా నడిపాక, 2023లో ఆ సర్వీసు నడిపే బాధ్యతను స్టేడియా మ్యాప్స్ అనే కంపెనీకి అప్పగించారు. వాటిని తమ సైట్లలో వాడుకుంటున్నవాళ్లు సెట్టింగులు మార్చుకోవాల్సి వచ్చింది. వాళ్లు ముందుగా చెప్పి, దారి చూపించి చేశారు. అందరూ అలా చేస్తారని మాత్రం అనుకోకండి.

ఒక్క చూపులో

| | టెంప్లేట్ | ఫ్రీలాన్సర్ | చిన్న స్టూడియో | పెద్ద ఏజెన్సీ |
|---|---|---|---|---|
| బొమ్మ, కోడ్ కలిసిన పని | కుదరదు | మనిషిని బట్టి | ఇదే వాళ్ల బలం | విభాగాల మధ్య చీలిపోతుంది |
| మీతో మాట్లాడేవాళ్లే పని చేస్తారా | మీరే చేసుకోవాలి | అవును | దాదాపు ఎప్పుడూ | అరుదుగా |
| తెలుగు | టెంప్లేట్ దయ | అడిగి చూడాలి | మొదట్లోనే చెబితే బాగా వస్తుంది | విడిగా బిల్లు వేయొచ్చు |
| ఖర్చు | నెలవారీ, తక్కువ | తక్కువ నుంచి మధ్యస్థం | మధ్యస్థం నుంచి ఎక్కువ | ఎక్కువ |
| అప్పగించాక | కంపెనీ చూసుకుంటుంది | ఫోన్ ఎత్తితే అదృష్టం | ఒప్పందంలో ఉంటేనే | విడిగా సపోర్ట్ కాంట్రాక్ట్ |
| అసలు రిస్క్ | అందరి సైట్‌లాగే ఉండటం | ఒక్క మనిషి మీద ఆధారం | ఒకరిద్దరు మానేస్తే కుంటుపడటం | మీ పని వాళ్లకు చిన్నది కావడం |

టెంప్లేట్

ముందే తయారుగా ఉన్న పేజీల్లో మన మేటర్, ఫొటోలు పెట్టుకోవడమే ఇది. షాపిఫై, విక్స్, వర్డ్‌ప్రెస్ థీమ్‌లు అన్నీ ఈ కోవలోవే. వీటిని చిన్నచూపు చూసే డిజైనర్లున్నారు, నేను ఆ జట్టు కాదు. కార్ట్, పేమెంట్, స్టాక్ లెక్క లాంటివి వేలమంది వాడి రాటుదేలి ఉంటాయి. వాటిని సున్నా నుంచి కట్టించుకోవడం డబ్బు దండగ. షాపిఫైలాంటి దానిలో నెల అద్దె కట్టినన్నాళ్లే కొట్టు ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో సైట్ మీదే, కానీ ప్లగిన్లు (సైట్‌కి అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు) అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే హ్యాకర్లు దూరతారు.

ఫ్రీలాన్సర్

మంచి ఫ్రీలాన్సర్ దొరికితే ఇంతకంటే మంచి బేరం లేదు. మధ్యలో మేనేజర్ ఉండరు, మీరు చెప్పింది నేరుగా చేసేవాళ్ల చెవిన పడుతుంది. చిక్కల్లా ఒక్క మనిషి కావడమే. పెళ్లి కుదురుతుంది, బెంగళూరులో ఉద్యోగం వస్తుంది, ఎంఎస్‌కి వెళ్లిపోతారు. తప్పు వాళ్లది కాదు. అందుకే మూడు వారాల్లో తెమిలే పని ఇవ్వండి, మూడేళ్లు సాగేది ఇవ్వకండి. బొమ్మ బాగా వేసేవారు ఒకరు, కోడ్ బాగా రాసేవారు ఒకరు, ఇద్దర్ని నేనే కలుపుతానని కొందరు ధైర్యం చేస్తారు. అప్పుడు ప్రాజెక్ట్ మేనేజర్ ఉద్యోగం మీదేనని గుర్తుంచుకోండి.

చిన్న స్టూడియో

మొదటి మీటింగ్‌లో వచ్చినవాళ్లే పని చేస్తారు. మీరు ఒకటి అడిగితే ‘అది కష్టం, కానీ ఇలా చేస్తే ఇంకా బాగుంటుంది’ అని అక్కడికక్కడే చెప్పగలరు, ఎందుకంటే కోడ్ రాసేవాళ్లు ఆ గదిలోనే ఉన్నారు. పెద్ద ఏజెన్సీలో ఇదే మాట తిరిగి రావడానికి రెండు వారాలు పడుతుంది. నేను ఎక్కువ డబ్బు పెట్టమని చెప్పేది దీని కోసమే.

ఇబ్బందులూ తక్కువేం కాదు. ఒకేసారి రెండు మూడు పనులకు మించి చేయలేరు, కాబట్టి మీరు లైన్‌లో ఉండాలి. దసరా ఆఫర్లకు సైట్ కావాలని సెప్టెంబర్‌లో వెళితే అయ్యే పని కాదు. ఇద్దరు సీనియర్లలో ఒకరు మానేస్తే పని ఆగుతుంది. ఇంకోటి, కళ మీద మోజు ఎక్కువైన స్టూడియోలున్నాయి. హైఎండ్ ల్యాప్‌టాప్‌లో అద్భుతంగా కదిలే సైట్ చేసి, పదివేల ఫోన్‌లో తెరిస్తే అది వేడెక్కి నత్తనడక నడుస్తుంటే, ‘యూజర్లు అప్‌గ్రేడ్ అవుతారు’ అని చెప్పేవాళ్లను చూశాను. అవార్డుల లిస్ట్ చూసి మురిసిపోకండి.

పెద్ద ఏజెన్సీ

ఇరవై నాలుగు గంటల సపోర్ట్, పాత బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌తో కలపడం, యాభైమంది అప్రూవల్స్ ఇలాంటివి చిన్న స్టూడియో మొయ్యలేదు. ప్రభుత్వ పనులైతే టెండర్, టర్నోవర్ రూల్స్, సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) గుర్తింపు ఉన్న ఆడిటర్లతో సెక్యూరిటీ ఆడిట్ ఉంటాయి. ఇక్కడ పెద్దవాళ్లే దిక్కు. ప్రజెంటేషన్ ఇచ్చిన క్రియేటివ్ డైరెక్టర్ ఆ తర్వాత మళ్లీ కనపడరని మాత్రం మనసులో పెట్టుకోండి.

మీరు ఎవరు?

చీరల షాపు, పచ్చళ్ల వ్యాపారం: టెంప్లేట్. మిగిలిన డబ్బు ఫొటోలకు పెట్టండి, ఆన్‌లైన్‌లో చీర అమ్మేది ఫొటోనే. పల్లూ, బోర్డర్ దగ్గర్నుంచి, పగటి వెలుతురులో. కస్టమర్ తనకు నచ్చిన రంగులు ఎంచుకుంటే ఇక్కత్ నమూనా తెర మీదే మారాలి అనే ఆలోచన ఉంటే, ఆ ఒక్క ముక్కను చిన్న స్టూడియోతో చేయించి షాపిఫైలోకి చేర్చుకోవచ్చు. మొత్తం వాళ్లకే ఇవ్వాలనేం లేదు. ఈ కలగలుపు పద్ధతి చాలామందికి తట్టదు.

స్కూల్, క్లినిక్, ఆడిటర్ ఆఫీస్: ఫ్రీలాన్సర్ చాలు.

అమెరికాలోని తెలుగు సంఘాలు: టెంప్లేటే. కమిటీ మారినప్పుడల్లా పాస్‌వర్డ్ పాత సెక్రటరీ దగ్గర ఉండిపోతుంది. అకౌంట్ మనిషి పేరు మీద కాకుండా సంఘం మెయిల్ మీద తెరవండి. సైట్ ఎంత సాదాగా ఉంటే తర్వాతి వలంటీర్‌కి అంత సుఖం.

స్టార్టప్: ప్రొడక్ట్‌లో కొత్తదనం స్క్రీన్ మీదే ఉంటే మొదటి వెర్షన్ చిన్న స్టూడియోతో చేయించుకుని, మీ సొంత ఇంజినీరుని మొదటి రోజు నుంచే వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. కొత్తదనం వెనకాల లెక్కల్లో ఉంటే డిజైన్‌కి ఇంత ఖర్చు ఇప్పుడే అక్కర్లేదు.

మ్యూజియం, ఎగ్జిబిషన్, కంపెనీలు తమ ఉత్పత్తుల్ని చూపించే ఎక్స్‌పీరియన్స్ సెంటర్: మారుమాట లేకుండా చిన్న స్టూడియో. కానీ వెబ్ మాత్రమే చేసినవాళ్లకు కాదు, గదిలో పెట్టే తెరలు చేసినవాళ్లకు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, పొద్దున్నే తాళం తీసే అటెండర్ దగ్గర. ఆయన గోడ మీద స్విచ్ వేస్తారు, అంతే. కీబోర్డ్ ఉండదు, పాస్‌వర్డ్ తెలియదు. స్విచ్ వేయగానే కంప్యూటర్ లేచి, అప్‌డేట్ చేయమంటూ మెసేజ్‌లు అడ్డం రాకుండా, నేరుగా ప్రదర్శన మొదలవ్వాలి. మధ్యాహ్నం కరెంట్ పోయి వస్తే ఎవరూ ముట్టుకోకుండానే మళ్లీ మొదలవ్వాలి. ఇంటర్నెట్ లేకపోయినా నడవాలి. స్కూల్ పిల్లలు నలభైమంది వచ్చి ఒకేసారి పది వేళ్లు పెట్టినా బిగుసుకుపోకూడదు. సగంలో వదిలేసి వెళితే ఒక నిమిషంలో మొదటి తెరకు తిరిగి రావాలి, లేకపోతే తర్వాత వచ్చినవాళ్లు ఎవరిదో మధ్యలో ఆగిన ఆట చూసి పక్కకి వెళ్లిపోతారు. ఎత్తు కూడా చూడండి: చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకూ, ఏడేళ్ల పిల్లలకూ బటన్లు అందాలి. ఇవి అడగకముందే మాట్లాడే స్టూడియో అయితే కళ్లు మూసుకుని అడ్వాన్స్ ఇవ్వొచ్చు.

చిన్న స్టూడియో అని తేలితే, ఇచ్చే ముందు

వాళ్ల పాత పనిని వాళ్ల ల్యాప్‌టాప్‌లో చూడకండి. మీ ఫోన్‌లో, వైఫై ఆపేసి తెరవండి. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనపడాలనేది గూగుల్ పెట్టుకున్న కొలత. అక్షరాలు ఎండలో కనపడుతున్నాయా? చదవాల్సిన అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. లేత బూడిద మీద తెల్ల అక్షరాలు పెట్టే ఫ్యాషన్‌వాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

అయిదేళ్ల కిందట చేసిన పని ఒకటి ఇప్పటికీ నడుస్తుంటే చూపించమనండి. అందులో ఎవరు ఏం చేశారో అడగండి, ఆ మనిషి ఇంకా అక్కడున్నారా అని కూడా. మీరు చేయని పని ఏది అని అడగండి. అన్నీ చేస్తామనే చోట జాగ్రత్త పడాలి.

మొత్తం ప్రాజెక్ట్ ఒప్పుకునే ముందు డబ్బిచ్చి చిన్న నమూనా చేయించండి. ఒకే ఒక్క తెర, మీ అసలు తెలుగు మేటర్‌తో, మీ అసలు డేటాతో. ఉచితంగా చేసి చూపించమని అడగకండి, ఉచితంగా వచ్చే నమూనాలో వాళ్ల బుర్ర ఉండదు.

కాగితాలు

డొమైన్, అంటే సైట్ చిరునామా, మీ పేరు మీద, మీ కార్డుతో కొనండి. ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూ అయ్యే ఈ వస్తువును ఇంకొకరి చేతిలో పెట్టి తర్వాత బతిమాలాల్సిన పని లేదు.

హక్కుల విషయం చాలామందికి తెలియదు. డబ్బిచ్చి చేయించుకుంటే కోడ్ తనదే అయిపోతుందనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బయటివాళ్లు రాసిన కోడ్ మీద హక్కు, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప, సాధారణంగా రాసినవాళ్లదే. బదిలీ పత్రంలో కాలం రాయకపోతే అయిదేళ్లకే అనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనీ చట్టం లెక్క వేస్తుంది. కాబట్టి కాలం, ప్రాంతం రెండూ రాయించండి. అయితే స్టూడియో ప్రతి పనిలోనూ వాడుకునే సొంత పరికరాలు కొన్ని ఉంటాయి, అవీ రాసివ్వమని పట్టుబడితే ధర పెరుగుతుంది లేదా వాళ్లు లేచి వెళ్లిపోతారు. వాటిని వాడుకునే హక్కు ఎప్పటికీ ఉంటే మీకు చాలు. డిజైన్ ఒరిజినల్ ఫైళ్లు, స్కాన్‌లు, ఫాంట్ లైసెన్సులు ఆఖరి చెల్లింపు రోజునే చేతికి తీసుకోండి.

కొటేషన్ మీద 18 శాతం జీఎస్టీ కలిపారో లేదో చూసుకోండి. ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటని ఫ్రీలాన్సర్‌కి మామూలుగా జీఎస్టీ ఉండదు, అందుకే రెండు ధరల్ని పక్కపక్కన పెట్టినప్పుడు తేడా అసలు కంటే ఎక్కువగా కనపడుతుంది.

మీది పెద్ద కంపెనీ అయి, బిల్లులు 90 రోజులకు పాస్ అయ్యే పద్ధతి ఉంటే మొదటి మీటింగ్‌లోనే చెప్పండి. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థలకు ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు మించి చెల్లింపు ఆపకూడదని చిన్న పరిశ్రమల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతుంది. ఎనిమిది మంది ఉన్నచోట మీ ఒక్క బిల్లు ఆలస్యమైతే ఆ నెల జీతాలు ఆగుతాయి, మీ పని మీద కూర్చున్న ఇంజినీరు ఇంకో ఉద్యోగం వెతుక్కుంటారు. పనిని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగం చూశాక వారంలో డబ్బు వేసే ఏర్పాటుకు మీ అకౌంట్స్‌వాళ్లను ముందే ఒప్పించండి.